నాగా

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. మొన్నొకరోజు ఫోన్‌లో ఇంట్లోవాళ్ల పుట్టినరోజులన్నీ ఎక్కించుకుంటూ, "అమ్మా, తాతయ్య పోయిన రోజు కూడా పెట్టుకుంటాను, ఏ తారీఖు?" అని అడిగింది. చటుక్కున చెప్పలేకపోయాను.

అక్కడ 2022 నవంబర్ 20, ఆదివారం తెల్లవారుజాము. మాకు డాలస్‌లో ఇంకా 19, శనివారం సాయంత్రమే. కుక్కర్ రెండో కూత వేస్తుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. ఇక తద్దినం పెట్టేది ఈ రెండు తారీఖుల్లో దేనికీ కాదు, కార్తీక బహుళ ఏకాదశికి. అది 2023లో డిసెంబర్ 8న వచ్చింది, 2024లో నవంబర్ 26న, 2025లో నవంబర్ 15న. పైగా ఊళ్లో అర్ధరాత్రి దాటాక మొదలయ్యే ఏకాదశి మాకు ముందురోజు మధ్యాహ్నానికే వచ్చేస్తుంది.

"ఏటా రిపీట్ అని పెట్టేస్తే?"

కుదరదన్నాను. చాంద్రమానంలో పన్నెండు నెలలూ కలిపితే సుమారు 354 రోజులే. ఏడాదికి పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ పోయి, తేడా బాగా పెరిగాక ఒక అధికమాసం వచ్చి మళ్లీ ముందుకు తోస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది గనకే ఆ ఏకాదశి డిసెంబర్‌లోకి పోయింది. ఇవన్నీ నాకు చెప్పింది నాన్నే. గోడ క్యాలెండర్ ముందు నిలబెట్టి గళ్ల మీద వేలు పెట్టి చూపించేవారు. నేనూ ఆయనలాగే చెప్పానని మురిసిపోయేలోపు, ఊరి పేరు కొడితే తిథులు చెప్పే యాప్ ఒకటి దించుకుని అది తన గదిలోకి వెళ్లిపోయింది.

ఆ క్యాలెండర్ సంగతి చెప్పాలి. మా ఇంట్లో వంటింటి తలుపు పక్కన మేకుకి ఎప్పుడూ వెంకట్రామా క్యాలెండరే. పాతది తీయకుండా దాని మీదే కొత్తది తగిలించడం మా ఇంటి అలవాటు. 2023 ఎండాకాలంలో వెళ్లినప్పుడు పైది ఎత్తి చూస్తే కింద 2022ది అలాగే ఉంది. చీరల మడతల మధ్య పెట్టుకుని తెచ్చేసుకున్నాను. అన్నయ్యకి నాన్న వాచీ వచ్చింది, నాకిది చాలనిపించింది.

యాప్ గొడవ అయిన రోజు సాయంత్రం దాన్ని టేబుల్ మీద పరిచాను. మా అమ్మాయి వారాంతపు తెలుగు బడిలో చదువుకుంది. అచ్చు అక్షరాలు గడగడా చదువుతుంది గానీ చేతిరాత అంటే తడబడుతుంది. నాన్న గొలుసుకట్టుగా రాస్తారు కూడాను. ప్రతి గడిలో పెన్సిల్‌తో పాల లెక్క: 1, 1, ½, 1. అక్కడక్కడా ఒక మాట. అది కూడబలుక్కుని "నా... గా" అని చదివి, "నాగులచవితా? ఆ రోజు పాలు పోస్తారు కదా" అంది. నెలకి మూడు నాగులచవితులు! నవ్వాపుకోలేకపోయాను. నాగా అంటే పాలబ్బాయి రాని రోజు, ఆ రోజుకి డబ్బులు కట్టక్కర్లేదు అని చెప్పాను. "అంటే ఆబ్సెంటా?" అంది. అంతే మరి. ఎన్నాళ్లయిందో ఆ మాట నా నోట్లోంచి వచ్చి.

పాలు కాక గ్యాస్ బండ మార్చిన రోజు, కరెంటు బిల్లు కట్టిన రోజు, అమ్మ బీపీ మాత్రలు కొన్న రోజు. ఇవేవీ నాకు కొత్త కాదు. కొత్తగా కనిపించింది మార్చి 13 గడిలో. "అమ్మాయి – 8". నవంబర్ 6న "అమ్మాయి – 9".

నాకు అర్థం కాలేదు. మా అమ్మాయే కనిపెట్టింది. "రెండూ మన గడియారాలు మార్చుకునే ఆదివారాలు కదమ్మా!"

ప్రతి ఆదివారం కాఫీ అయ్యాక తొమ్మిదిన్నరకి ఇంటికి ఫోన్ చేసేదాన్ని. వేసవి లెక్కలో అక్కడ రాత్రి ఎనిమిది. మార్చి రెండో ఆదివారం ముందుకి తిప్పిన గడియారాన్ని మేము నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతాం, అక్కడ తిప్పరు. అప్పట్నుంచి నా తొమ్మిదిన్నర ఆయనకి రాత్రి తొమ్మిది. నాన్న ఎనిమిదిన్నరకల్లా పక్క ఎక్కే మనిషి. నాలుగున్నరకి లేవాలి, పాలబ్బాయి కంటే ముందు. చలికాలం నాలుగు నెలలూ నా ఫోన్ కోసం కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతూ ఉండేవారన్నమాట. ఒక్కసారి అనలేదు. "నిద్రగొంతులా ఉందేంటి నాన్నా?" అంటే "టీవీ చూస్తున్నానమ్మా" అనేవారు.

"మరి నువ్వు గంట ముందు చేయొచ్చుగా?" అంది మా అమ్మాయి. తప్పుపట్టడానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. ఆదివారం కదా, ఎనిమిదిన్నరకి ఎవరు లేస్తారని అప్పట్లో నా ఉద్దేశం. ఆ మాట దానికి చెప్పలేదు.

నవంబర్ 19 గడిలో ½ అని ఉంది. ఆ తర్వాతవన్నీ ఖాళీ. పాలు మాత్రం రోజూ వచ్చాయట, కాఫీలు కూడా పెట్టుకున్నారు, వచ్చేపోయేవాళ్లకి ఇంకో లీటరు ఎక్కువే పోయించుకున్నారు. నెలాఖరున పాలబ్బాయి ఎంత చెబితే అంత ఇచ్చేశాడు అన్నయ్య.

కిందటి నవంబర్‌లో గడియారాలు మార్చిన ఆదివారం నేను పంతం పట్టి ఎనిమిదిన్నరకే లేచి అమ్మకి ఫోన్ చేశాను. రెండు రింగులకి ఎత్తింది. గొంతు కంగారుగా ఉంది.

"ఏమే, అందరూ బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నాం. నువ్వు తొందరగా పడుకుంటావని ఈసారి నుంచి ఎనిమిదింటికే చేద్దామని."

"ఎనిమిదింటికి నాకు సీరియల్ వస్తుందే తల్లీ. తొమ్మిదింటికే చెయ్యి," అని పెట్టేసింది.