రాతలో ఆడే రోల్-ప్లే: ఈ సీజన్‌లో ఎదురుచూపు తగ్గించే పని

ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి కలిసి కథ నడిపే రోల్-ప్లే ఆట మాది, రాతలోనే ఆడతాం. అందరూ ఒకేసారి కూర్చోవడమంటూ ఉండదు. గేమ్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపే మనిషిగా, నేనొక సీన్ తెరుస్తాను. ఎవరికి వీలున్నప్పుడు వాళ్లు తమ పాత్ర ఏం చేసిందో, ఏమందో రాస్తారు. వాటిని కలుపుకుంటూ కథ నడుస్తుంది. మధ్యలో ఆట మానేసినవాళ్లను అడిగితే కథ నచ్చలేదన్న మాట అరుదుగా వినిపించింది. "నా వంతు ఎప్పుడో తెలియలేదు", "రాసిపెట్టాను, ఎవరూ పలకలేదు", "ఏం రాయాలో తోచలేదు", ఇవే జవాబులు. మూడింట్లోనూ ఉన్నది ఎదురుచూపే. అందుకే ఈ సీజన్‌లో కొత్త రాజ్యాలూ కొత్త మంత్రాలూ పక్కనపెట్టి దీని మీదే కూర్చున్నాను. ఇప్పటిదాకా ఏం మారిందో, ఏది నిలబడిందో రాసిపెడుతున్నాను. ఇలాంటి ఆట నడిపేవాళ్లకు ఒకటి రెండైనా అక్కరకొస్తాయి.

కొత్తవాళ్ల మొదటి సీన్

ఇదివరకు చేరాలంటే పాత్ర పుట్టుపూర్వోత్తరాలన్నీ పేజీలకు పేజీలు రాయాల్సి వచ్చేది. ఇప్పుడు పాత్ర వివరాలు రాసే షీట్‌లో నాలుగే ప్రశ్నలు. పేరు, వృత్తి. ఇప్పటికిప్పుడు ఈ పాత్రకు ఏం కావాలి? దేనికి జంకుతుంది? ఇప్పటికే ఆడుతున్న పాత్రల్లో ఎవరితో పరిచయం, ఎలా? చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. పాత బాకీ, పగ, ఒకే గురువు దగ్గర చదువు, ఏదైనా సరే, ఒక ముడి ఉండాలి. మిగతా గతమంతా ఆడుతుంటే బయటపడుతుంది, అలా బయటపడితేనే బాగుంటుంది కూడా.

షీట్ అందిన రెండు రోజుల్లోపు మొదటి సీన్ తెరవాలన్నది నాకు నేను పెట్టుకున్న గడువు. "కోట గుమ్మం దగ్గరికి వచ్చావు, ఏం చేస్తావు?" అని వదిలేస్తే కొత్తవాళ్లు "చుట్టూ చూశాడు" అని రాసి ఆగిపోతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఈమధ్య తెరిచిన సీన్ ఇది:

"గుమ్మం మూసే గంట మోగింది. కాపలావాడు నీ అనుమతి పత్రం అటూ ఇటూ తిప్పి, 'ఈ ముద్ర వేసినాయన పోయి నెలవుతోందే!' అన్నాడు. నీ వెనకున్న బండివాడు నీ మూట మీంచి చూపు తిప్పడం లేదు. ఇంతలో గోడ మీంచి ఎవరో నిన్ను పేరు పెట్టి పిలిచారు."

కాపలావాడికి జవాబు చెప్పొచ్చు, బండివాడి సంగతి తేల్చుకోవచ్చు, పిలిచినవాళ్ల వైపు తిరగొచ్చు. పిలిచింది షీట్‌లో రాసిన పరిచయస్థుడే కాబట్టి ఆ పాత ఆటగాడికీ వెంటనే రాయాల్సిన పని పడుతుంది. కొత్త మనిషి మొదటి పోస్ట్‌కు జవాబు రావడం ఖాయం. ఈ సీజన్‌లో చేసిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే.

వంతు ఎవరిది?

నేను రాసే ప్రతి పోస్ట్ చివరి వరుసలో రెండు విషయాలుంటాయి: ఇప్పుడు ఎవరు రాయాలి, ఎప్పటిలోగా. మామూలు గడువు 48 గంటలు. సీన్ మొదట్లో చోటు, కథలో సమయం, అందులో ఉన్న పాత్రల పేర్లు. మాటల సీన్‌కు నలుగురిని మించనివ్వడం లేదు.

గడువు దాటితే సీన్ ఆగదు. దానికోసం ప్రతి షీట్‌లో "నేను లేనప్పుడు" అనే వరుస చేర్చాం. ఒకామె తన వైద్యురాలి పాత్రకు ఇలా రాసింది: "గాయపడినవాళ్ల దగ్గరే ఉంటుంది, పోరులో దిగదు, ఎవరికీ మాట ఇవ్వదు." ఆమె రాలేని రోజు ఆ ప్రకారమే ఒక వాక్యం రాసి ముందుకు పోతాను. మనిషి లేనప్పుడు పాత్రను చంపను, పెద్ద నిర్ణయం తీసుకోనివ్వను. పరీక్షలున్నా, ఉద్యోగంలో ఊపిరాడకపోయినా సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేకుండా తిరిగొచ్చి కలుస్తున్నారు. సరదా కోసం ఆడే ఆటలో ఎవరూ మొహమాటపడుతూ తిరిగి రాకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

పోరు సీన్లు

అసలు తలనొప్పి ఇక్కడే. బల్ల చుట్టూ కూర్చుని ఆడేటప్పుడు ఇనిషియేటివ్ వరుసలో, అంటే ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చుకున్న వరుసలో, ఒకరి తర్వాత ఒకరు దెబ్బ వేస్తారు, రౌండ్ నిమిషాల్లో అయిపోతుంది. అదే వరుస రాతలోకి తెస్తే లెక్క చూడండి. ఐదుగురు ఆటగాళ్లు, ఆరో వంతు శత్రువులది. ఒక్కొక్కరు రోజుకు తక్కువ కాకుండా తీసుకుంటే రౌండ్‌కు ఆరు రోజులు, నాలుగు రౌండ్ల పోరుకు 24 రోజులు. కథలో అది అర నిమిషం కూడా ఉండదు.

దీనికి విరుగుడు చాలా పాత ఆటలో ఉంది. 1959లో వచ్చిన డిప్లొమసీ అనే బోర్డు ఆటలో ఒకరి తర్వాత ఒకరు ఆడే వంతులు లేవు. అందరూ తమ ఆజ్ఞలు చాటుగా రాసిపెడతారు, అన్నీ ఒకేసారి తెరిచి ఫలితం తేలుస్తారు. 1960లలోనే ఆ ఆటను ఉత్తరాల ద్వారా ఆడగలిగారంటే కారణం అదే. టపా ఎంత ఆలస్యమైనా అందరి ఎదురుచూపూ ఒక్కసారికే సరిపోయేది. మేమూ ఆ దారే పట్టాం. 48 గంటల్లో ఐదుగురూ ఏ వరుసలోనైనా తమ ప్రయత్నం రాస్తారు, ఆ తర్వాత శత్రువుల కదలికతో సహా అంతా ఒకే పోస్ట్‌లో నేను తేలుస్తాను. రౌండ్‌కు మూడు రోజులు పడుతుంది. 24 రోజుల పోరు 12 రోజులకు దిగింది.

రెండో మార్పు పాచికల్లో. ఇరవై ముఖాల పాచికతో తగిలిందా లేదా అని మాత్రమే చూస్తే, 11 లేదా ఆ పైన పడాల్సిన చోట సగం సార్లు "తగల్లేదు" అనే మాట కోసమే మూడు రోజులు కూర్చోవాలి. అందుకని 2010లో వచ్చిన అపొకలిప్స్ వరల్డ్ అనే రోల్-ప్లే ఆట పద్ధతికి మారాం. రెండు మామూలు పాచికలు వేసి కూడతాం. 10 ఆ పైన వస్తే అనుకున్నట్టు జరుగుతుంది. 7 నుంచి 9 అయితే జరుగుతుంది గానీ దానికో మూల్యం ఉంటుంది. 6 లేదా అంతకన్నా తక్కువైతే పరిస్థితి ముదురుతుంది. రెండు పాచికలు పడగల మొత్తం 36 రకాల్లో ఇవి వరుసగా 6, 15, 15. పాత్ర నైపుణ్యానికి మొత్తంలో ఒకటి కలిపితే 7 లేదా ఆ పైన వచ్చే అవకాశం 58 శాతం నుంచి 72కు పెరుగుతుంది.

మొన్నటి వంతెన పోరులో విలుకాడికి 8 పడింది. బాణం గురి తప్పలేదు, శత్రువుల తాడు తెగింది. కానీ ఆ తాడుకే మనవాళ్ల దీపం కట్టి ఉంది, వంతెనంతా చీకటైపోయింది. తర్వాతి రౌండ్‌లో రాయడానికి అందరికీ ఏదో ఒకటి దొరికింది. ఏ పాచిక పడినా కథ కదలాలి అన్నదే నేను చూసుకునేది.

అవతలి పాత్ర జోలికి పోకుండా

"నా కత్తి అతని భుజంలో దిగింది" అని రాస్తే అవతలి ఆటగాడి చేతిలో ఏమీ మిగలదు. "అతని భుజానికి గురిపెట్టి కత్తి విసిరాను" అని ఆపాలి, ఆ తర్వాతి సంగతి అవతలివాళ్లు రాస్తారు. పాత్రగా కాక మనిషిగా చెప్పే మాటలు జంట బ్రాకెట్లలో పెడుతున్నాం, పాత్రల మధ్య కోపం మనుషుల మధ్య కోపంలా కనబడకుండా.

ఆట మొదలవక ముందే రెండు పట్టికలు నింపుతున్నాం. ఆటలోకి అసలు రాకూడనివి ఒకదానిలో, జరిగినా తెర వెనకే ఉండాల్సినవి ఇంకోదానిలో. రోల్-ప్లే ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ చెప్పిన పద్ధతి ఇది. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్-కార్డ్ కూడా పెట్టాం. సీన్‌లో ఎవరైనా ఎక్స్ అని ఒక్క అక్షరం పంపితే ఆ భాగం తీసేస్తాం, ఎందుకని అడగం.

చదవగలగడం

ఒక్కో పాత్ర మాటలు ఒక్కో రంగులో రాసే అలవాటు మానుకున్నాం. రంగులు సరిగా తెలియనివాళ్లకు అది గందరగోళం. షీట్లు బొమ్మల్లో ఉంటే, చూపు లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు, అన్నీ అక్షరాల్లోకి మార్చాం. నేపథ్యానికీ అక్షరాలకూ కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలన్న ప్రమాణం పెట్టుకున్నాం.

ఇంకా తేలనిది

ప్రతి సీన్‌కు మొదట్లోనే ఒక ప్రశ్న రాయడం మొదలుపెట్టాను: "ఉత్తరం కోశాధికారి చేతికి చేరుతుందా?" జవాబు దొరికాక రెండు పోస్ట్‌లలో సీన్ మూసేస్తాం. సాగదీత బాగా తగ్గింది. కానీ ఇద్దరు పాత్రధారులు తీరిగ్గా మాట్లాడుకునే సీన్లకు ఈ ప్రశ్న అతకడం లేదు. మా గ్రూప్‌లో కొందరికి ఆటలో ప్రాణమంతా అక్కడే ఉంది. అలాంటి సీన్లకు గడువూ ప్రశ్నా లేకుండా ఒక పక్క దారి ఇచ్చి చూడబోతున్నాను. ఆ పాత్రలు అదే సమయంలో ప్రధాన కథలో కూడా ఉండొచ్చు, ఒకే ఒక్క నిబంధన: పక్క సీన్‌లో తెలిసిన రహస్యం, ఆ సీన్ ముగిసేదాకా ప్రధాన కథలో వాడకూడదు.