శాన్ హోసే సింఫనీ: గంటల లెక్కన బతికే సంగీతం

సిలికాన్ వ్యాలీలో కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్లకు అవర్లీ రేటు, బెంచ్, లేఆఫ్ అన్న మాటలు కొత్త కాదు. అక్కడి శాన్ హోసే ఊళ్లో సింఫనీలో, అంటే పాశ్చాత్య సంగీతపు పెద్ద వాద్యబృందంలో, వాయించేవాళ్ల బతుకూ దాదాపు ఇంతేనని మాత్రం చాలామందికి తెలియదు. శాన్ హోసే డౌన్‌టౌన్ వేదిక మీద నల్లబట్టల్లో కూర్చున్న ఆ అరవైమంది అక్షరాలా వృత్తి కళాకారులే. అయినా ఏడాది పొడవునా జీతం ఇచ్చే కొలువు కాదది.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. 1879లో మొదలైన పాత శాన్ హోసే సింఫనీ 2002లో దివాలా తీసింది. ముందునుంచీ లోటులో ఉన్న సంస్థ, డాట్‌కామ్ కంపెనీలు కూలి చందాలు తగ్గేసరికి తట్టుకోలేకపోయింది. మనవాళ్లు ఎందరో వీసా గడువు లెక్కపెట్టుకుంటూ ఉద్యోగాలు వెతుక్కున్న రోజులవి. అదే 2002లో ఊరి బ్యాలే సంస్థను నడిపిన ఆండ్రూ బేల్స్ ‘సింఫనీ సిలికాన్ వ్యాలీ’ని నిలబెట్టారు. పాత బృందంలోని వాయిద్యకారులు చాలామంది ఇందులోకి వచ్చారు. ఇప్పుడు దాని పేరు సింఫనీ శాన్ హోసే. 1927 నాటి సినిమా హాలును బాగుచేసి 2004లో తిరిగి తెరిచిన కాలిఫోర్నియా థియేటర్ దాని వేదిక. సీట్లు సుమారు 1,100.

ఇలాంటి బృందాల్లో కూలికి కొలత ‘సర్వీస్’. ఒక రిహార్సల్ ఒక సర్వీస్, ఒక కచేరీ ఒక సర్వీస్. రిహార్సల్ సాధారణంగా రెండున్నర గంటలు, మధ్యలో విరామం. నాలుగు రిహార్సళ్లు, శనివారం రాత్రి ఒకటి, ఆదివారం మధ్యాహ్నం ఒకటి కచేరీలు అనుకుంటే మొత్తం ఆరు సర్వీసులు. సమయం మించితే ఓవర్‌టైమ్ కట్టాలి, అందుకే కండక్టర్ చూపు గడియారం మీదే ఉంటుంది. ఒక్క బృందం డబ్బుతో బే ఏరియాలో ఇల్లు గడవదు. పగలు పిల్లలకు పాఠాలు, ఈ వారం ఇక్కడ, పై వారం ఇంకో ఊళ్లో. ఇలా కారులో తిరిగే వాళ్లందరినీ కలిపి ఇక్కడ ‘ఫ్రీవే ఫిల్హార్మోనిక్’ అంటారు. ఏడున్నరకు రిహార్సల్ అంటే ఏడున్నరకు హాల్లో అడుగుపెట్టడం కాదు, కుర్చీలో కూర్చుని శ్రుతికి సిద్ధంగా ఉండడం. 880 ఫ్రీవే మీద ఒక్క యాక్సిడెంట్ జరిగితే రెండో హార్న్ కుర్చీ ఖాళీ.

అందుకే అసలు పని రిహార్సల్‌కు ముందే జరగాలి. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ మొదటి సింఫనీనే, అంటే పెద్ద బృందం కోసం రాసిన నాలుగు భాగాల కృతినే, తీసుకుందాం. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్ రెండేసి, ఒక కాంట్రాబసూన్, నాలుగు హార్న్‌లు, రెండు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, టింపని: 19 మంది. తంత్రీవాద్యాలు, అంటే మొదటి వయొలిన్లు 12, రెండో వయొలిన్లు 10, వయోలాలు 8, చెల్లోలు 8, డబుల్ బేస్‌లు 6 చొప్పున పెడితే 44 మంది. వీళ్లకు ఇద్దరికొక స్టాండ్, అంటే 22 స్వరపత్రాల ఫోల్డర్లు. కమాను ఎక్కడ పైకి, ఎక్కడ కిందికి అన్నది కాన్సర్ట్‌మాస్టర్, అంటే మొదటి వయొలిన్ల పెద్ద, ముందు గుర్తు పెట్టాలి. దాన్ని చూసి మిగతా విభాగాల పెద్దలు తమవి సరిచూసుకోవాలి. ఆ తర్వాత స్వరపత్రాలు చూసుకునే లైబ్రేరియన్ 22 ఫోల్డర్లలోనూ పెన్సిల్‌తో ఎక్కించాలి. ఈ పని ఆలస్యమైందా, మొదటి రిహార్సల్లో ఒక గుర్తు మార్చడానికి ముందు స్టాండు నుంచి వెనక స్టాండు దాకా మాట పాకుతుంది. అక్కడ పోయే ఐదు నిమిషాలు 63 మంది కూలిలోంచి పోయినట్టే. బ్రామ్స్ పార్టులు, అంటే ఒక్కో వాయిద్యానికి విడిగా ఉండే స్వరపత్రాలు, ఒకసారి కొంటే సొంతం. కాపీరైట్ ఉన్న కొత్త రచనలైతే అద్దెకు తేవాలి, గడువులోగా పంపేయాలి.

ఇంకో కష్టం శ్రోతలకు కనబడదు. ఈ సింఫనీలో ట్రాంబోన్లకు మొదటి మూడు భాగాల్లో పనే లేదు. అరగంట మౌనంగా కూర్చుని, నాలుగో భాగంలో మెత్తగా, ముగ్గురూ ఒక్క గొంతులా అందుకోవాలి. అప్పటికి గొట్టం చల్లబడి శ్రుతి దిగిపోతుంది. అందుకే వాళ్లు కాసేపటి ముందునుంచే, చప్పుడు రాకుండా, గొట్టంలోకి వెచ్చని ఊపిరి పంపుతూ ఉంటారు. ఈసారి వెళ్తే బాల్కనీలో కూర్చుని గమనించండి.

టికెట్ల డబ్బుతో ఇదంతా నడవదు. మిగతాది ఎక్కువగా చందాలే. మనం చేయగలిగిందీ అక్కడే ఉంది, ఎందుకంటే మనం పనిచేసే కంపెనీలు చాలావాటిలో మ్యాచింగ్, అంటే ఉద్యోగి ఇచ్చిన చందాకు జతగా కంపెనీ కూడా ఇచ్చే పద్ధతి, ఉంటుంది. చందా ఇచ్చి రసీదు తీసుకోండి, కంపెనీ పోర్టల్‌లో నమోదు చేయండి, సంస్థ దాన్ని ధ్రువీకరించిందో లేదో నెల తర్వాత చూడండి. ఎక్కువగా ఆగిపోయేది ఆ ధ్రువీకరణ దగ్గరే. టికెట్ వెల చందా కిందికి రాదు. సీటు, విందు లాంటివి కలిపి ఇచ్చే పథకమైతే వాటి విలువ తీసేశాక మిగిలినదానికే పన్ను మినహాయింపు. ఆ అంకె రసీదు మీదే ఉంటుంది. కంపెనీ గడువు డిసెంబరు చివరిదాకా ఉందో లేదో ముందే కనుక్కోండి.