గుత్తి వంకాయ, పద్నాలుగు గళ్లు

ఏ ఊళ్లో కర్రీ బావుంటుందో తేల్చే ‘కర్రీ రాజధాని’ పోటీ 2016 ఫలితం వచ్చింది. ఆ ఏడు కూడా బ్రిటన్ కర్రీ రాజధాని బ్రాడ్‌ఫర్డే. 2011 నుంచి వరసగా ఆరోసారి. మా రెస్టారెంట్ ఉన్నది ఉత్తర ఇంగ్లండ్‌లోనే ఇంకో ఊళ్లో. పేరు రాయను, ఆ టౌన్‌హాల్‌తో, అంటే మునిసిపాలిటీతో, మాకు రేపు కూడా పనుంటుంది.

ఆ పోటీలో ఊరి తరఫున నాలుగు రెస్టారెంట్లు నిలబడేవి, మా ఊరికి మాది ఒకటి. ఓట్లు వేయించడం కష్టం కాలేదు, బిల్లుతో పాటు ఒక చీటీ పెడితే సరిపోయింది. పరిశుభ్రత రేటింగ్ మాకు 5కి 5 ఉంది కాబట్టి దాని జోలికి ఎవరూ రాలేదు. మీది 3 అయితే ముందు అది చూసుకోండి. నేను చూసినంతలో మార్కులు పోయేది గచ్చు దగ్గర కాదు, రోజువారీ డైరీ రాయకపోవడం దగ్గర. రెండోది అన్నం. లోతు గిన్నెలో వదిలేస్తే అడుగున గంటల తరబడి గోరువెచ్చగా ఉండి బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, మళ్లీ వేడి చేసినా దాని విషం పోదు. వెడల్పాటి ట్రేల్లో పలచగా పరిచి గంటన్నరలో ఫ్రిజ్‌లోకి చేర్చాలి. వేడిగా ఉంచే కూర 63 డిగ్రీలకు తగ్గకూడదు. థర్మామీటర్‌ని నమ్మే ముందు ఐసు నీళ్లలో ముంచండి, మైనస్ 1కీ 1కీ మధ్య చూపించాలి.

ఇదంతా అరపూట పని. మూడు వారాలు తినేసింది అలర్జీ పట్టిక, అంటే అలర్జీ తెచ్చే పదార్థాల్లో ఏవేవి కూరలో ఉన్నాయో టిక్కు కొట్టే కాగితం.

ప్రచారం కోసం ఒక సాయంత్రం నాలుగు చోట్ల కూరలూ జనానికి రుచి చూపిద్దామన్నారు టౌన్‌హాల్ వాళ్లు. మిగతా ముగ్గురూ బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వాళ్లు. కోర్మా, భూనా, జల్‌ఫ్రేజీ పెట్టారు. మేం గుత్తి వంకాయ అన్నాం. కూరకొక కాగితం, కాగితానికి 14 గళ్లు. 2014 డిసెంబర్ నుంచి చట్టంలో ఉన్నవే: గోధుమ లాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతలు, నత్తలు ఆల్చిప్పలు, చేపలు, గుడ్లు, పాలు, సోయా, వేరుశెనగ, జీడిపప్పు బాదం లాంటివి, నువ్వులు, ఆవాలు, సెలరీ, లూపిన్ అనే పప్పుజాతి గింజ, సల్ఫైట్లు అనే నిల్వ రసాయనాలు. కొబ్బరి ఇందులో లేదు.

ఏర్పాట్లు చూసే ఉద్యోగి ఒకాయన ‘నట్స్ అని ఒక్క టిక్కు కొడితే చాలు’ అన్నాడు. కొట్టాం. తిరిగొచ్చింది. వేరుశెనగ పప్పుజాతి, దానిది వేరే గడి. బాదం పొడి అనుకున్నదాంట్లో వేరుశెనగ ఉండి ఒక కస్టమర్ చనిపోయిన కేసులో, నార్త్ యార్క్‌షైర్‌లో రెస్టారెంట్ యజమానికి 2016 మేలోనే ఆరేళ్ల జైలు పడింది. ఆ వార్త చదివిన మనిషి చెప్పే సలహానా అది? రెండోసారి ఆయనే ‘అన్నీ ఉండొచ్చు అని రాసెయ్యండి’ అన్నాడు. అదీ తిరిగొచ్చింది. అన్నిటికీ టిక్కు కొట్టిన కాగితం అలర్జీ ఉన్నవాడికి ఏమీ చెప్పదు. మీకు తెలుసో తెలియదో ఆ కాగితం చూస్తే అర్థం కాదు.

మూడోసారి ఆహార భద్రత అధికారిణి స్వయంగా వచ్చింది. మిగతా ముగ్గురు యజమానులూ అక్కడే ఉన్నారు. వేరుశెనగ, నువ్వులు, ఆవాలు అని గడగడా చెప్పి, ‘గ్లూటెన్ లేదు, ఇది వంకాయ కూర’ అని గట్టిగా అన్నాను. ఆవిడ పోపుల డబ్బా పక్కనున్న ఇంగువ డబ్బా తీసి, వెనక్కి తిప్పి, చదవమని నాకే ఇచ్చింది. గోధుమ పిండి. అచ్చంగా దొరికే ఇంగువ ఘాటుకి తట్టుకోలేం కాబట్టి పిండి, బంక కలిపి అమ్ముతారు. చిన్నప్పటి నుంచీ పోపులో పడుతున్నదే, ఒక్కరోజు డబ్బా వెనక చూసిన పాపాన పోలేదు. తల కొట్టేసినట్టయింది.

అంతటితో ఆగలేదు. ఎండు కొబ్బరి కోరు పొట్లంలో ఇ223 ఉంది, అంటే సోడియం మెటాబైసల్ఫైట్, రంగు మారకుండా వేస్తారు. కిలోకి 10 మిల్లీగ్రాములు దాటితే సల్ఫైట్ల గడి నిండినట్టే. ఒక్క వంకాయ కూరకి అయిదు టిక్కులు. నూనె డబ్బా మీద సోయా అని చూసి ఆరోది కొట్టబోయాను, పూర్తిగా శుద్ధి చేసిన సోయా నూనెకి మినహాయింపు ఉందని ఆవిడే ఆపింది.

నా మీద నవ్విన పక్క యజమాని సంగతీ తేలింది. ఆయన బేస్ గ్రేవీలో జీడిపప్పు ముద్ద కలిపేస్తాడు. ఆ గ్రేవీ పడే ప్రతి కూరకీ, అంటే దాదాపు మెనూ మొత్తానికి, టిక్కు కొట్టాల్సొచ్చింది. గ్రేవీ ఉత్తగా కాచి, జీడిపప్పు ముద్ద కోర్మా పెనంలోనే వేసుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువ తెస్తున్నాం, వాసన ఒక పిసరు తక్కువ. పచ్చికొబ్బరి కోరి మేమే ఆరబెడుతున్నాం. అయిదు టిక్కులు మూడయ్యాయి. అలర్జీ ఉన్నవాళ్ల వంటకి ఊదా రంగు కోత చెక్క, గరిటె విడిగా పెట్టాం. పొట్లాలు ఖాళీ అయ్యాక లేబుల్ కత్తిరించి, తేదీ వేసి ఫైల్లో అంటిస్తున్నాం. నోటితో చెప్పినా చట్టం ఒప్పుకుంటుంది, అడగమని బోర్డు పెడితే చాలు. కానీ శనివారం రాత్రి కౌంటర్‌లో కొత్త కుర్రాడు ఏం చెబుతాడో ఆ దేవుడికే తెలియాలి.

నిన్న వేరే కంపెనీ గరం మసాలా వచ్చింది. వెనక సెలరీ అని ఉంది.