ఖీమా కూర: ఫ్రీజర్‌లో పెట్టేముందు, బయటికి తీశాక

ఆదివారం కిలో ఖీమా తెచ్చి ఒకేసారి వండేయడం, సగం తిని సగం డీప్ ఫ్రిజ్‌లో దాచుకోవడం ఇప్పుడు చాలా ఇళ్ళలో మామూలే. హైదరాబాద్‌లో గది తీసుకుని ఉండే పిల్లలకైనా, డాలస్‌లో వారానికి సరిపడా వండుకునేవాళ్ళకైనా పనికొచ్చే అలవాటే ఇది. గడ్డకట్టించడానికి ముక్కల కూర కన్నా ఖీమాయే నయం. ముక్కల్లో నీరు గడ్డకట్టి కండ నారలు చిట్లుతాయి, కరిగాక పీచుపీచుగా తగులుతాయి. ఖీమా ఎలాగూ కొట్టిన మాంసమే కాబట్టి నోటికి ఆ తేడా పెద్దగా తెలియదు.

దీని గురించి అందరూ అడిగేది ఒక్కటే, ఎన్ని నెలలు నిలవుంటుందని. నిజానికి అన్నిటికన్నా తక్కువ భయపడాల్సింది దానికే. మైనస్ 18 డిగ్రీల దగ్గర కూరలో ఏ క్రిమీ పెరగదు. అలాగని అన్నీ చావవు కూడా, ఉన్నవి ఉన్నట్టు నిద్రపోతాయి. పొయ్యి మీంచి దించిన కూర గడ్డకట్టేదాకా ఎన్ని గంటలు పట్టింది, బయటికి తీసింది మళ్ళీ మరిగేదాకా ఎన్ని గంటలు పట్టింది అన్నదే లెక్క.

మాంసం కూరలతో కడుపు చెడగొట్టే వాటిలో క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ముఖ్యమైనది. కూర కుతకుతా ఉడికినా దీని స్పోర్లు కొన్ని బతికే ఉంటాయి, గట్టి పెంకున్న విత్తనాల్లాగా. కూర చల్లారుతూ 50 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి అవి మొలకెత్తి పెరగడం మొదలుపెడతాయి. 43 నుంచి 47 డిగ్రీల మధ్య వీటి జోరు చెప్పనలవి కాదు, సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అలాంటి కూర తిన్నవాళ్ళకి 6 నుంచి 24 గంటల్లోపు కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. ఇప్పుడు మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో వంటగది ఎలా ఉంటుందో ఊహించుకోండి. గది 40 డిగ్రీలుంటే, "చల్లారనీ" అని గట్టు మీద వదిలేసిన కూర ఎంతసేపున్నా 40 కిందికి దిగదు. అందులోని క్రిముల్ని పొదగబెట్టినట్టే.

అందుకే వండిన మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదంటారు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన ఎండాకాలానికి ఈ రెండో లెక్కే వర్తిస్తుంది.

"వేడి కూర ఫ్రిజ్‌లో పెట్టకూడదు" అనే మాటలో సగం నిజముంది. పొగలు కక్కే మూడు లీటర్ల గిన్నె తీసుకెళ్ళి లోపల పెడితే పక్కనున్న పాలు, పెరుగు వేడెక్కుతాయి. గిన్నె నడిమధ్య మాత్రం గంటల తరబడి వేడిగానే ఉంటుంది. కానీ ఆ మాట పట్టుకుని రాత్రి వండిన కూరని తెల్లారేదాకా బయట ఉంచడం అంతకన్నా చేటు. పూర్తిగా చల్లబడనక్కర్లేదు, గిన్నె అడుగు పట్టుకుంటే గోరువెచ్చగా తగిలితే చాలు, లోపల పెట్టేయొచ్చు. అక్కడిదాకా త్వరగా తేవడమే పని.

దానికి ఇలా చేయండి. కిలో ఖీమాకి నాలుగు ఉల్లిపాయలు, మూడు టమాటాలు వేసి దగ్గరగా వండితే సుమారు కిలోంపావు కూర అవుతుంది. కుక్కర్లో వండితే వెంటనే అందులోంచి తీసేయాలి. దాని దళసరి అడుగు వేడిని వదలదు, మూత బిగించి ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. కూరని వెడల్పాటి స్టీలు పళ్ళెంలోకో బేసిన్‌లోకో రెండు సెంటీమీటర్ల మందాన పరచండి. పెద్ద టబ్బులో చన్నీళ్ళు పోసి రెండు ట్రేల ఐసు వేసి, కూర ఉన్న బేసిన్‌ని అందులో ఆనించండి. నీళ్ళు అంచు దాటి కూరలోకి రాకుండా చూసుకోవాలి. రెండు నిమిషాలకోసారి గరిటెతో అడుగునుంచి పైకి కలుపుతుంటే అరగంట లోపే గోరువెచ్చన అవుతుంది. ఐసు లేకపోతే పళ్ళెం పల్చగా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి, పైన జల్లెడ మూత వేయండి. ఎండాకాలంలో మాత్రం ఇది చాలదు, ఐసు కావాల్సిందే. హోటళ్ళ వంటశాలలకు పెట్టుకున్న లెక్క ఏంటంటే, 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. ఇంట్లో ఐసు టబ్బుతో ఇంతకన్నా చాలా ముందే అయిపోతుంది.

పల్చన ఎందుకంటే, మందం రెట్టింపయితే నడిమికి చల్లదనం చేరడానికి పట్టే సమయం రెట్టింపు కాదు, సుమారు నాలుగింతలవుతుంది. గడ్డకట్టించేటప్పుడూ, తర్వాత కరిగించేటప్పుడూ ఇదే సూత్రం. అందుకని లీటరు డబ్బా నిండా కుక్కడం కన్నా, మందపాటి జిప్ కవర్లలో 300 గ్రాముల చొప్పున నింపి అరచేత్తో అదిమి వేలి మందాన పలకలా చేయడం ఎంతో మేలు. ఇద్దరికి ఒక పూటకి ఒక పలక సరిపోతుంది. మూసేముందు గాలంతా నొక్కి తీసేయండి. లోపల గాలి మిగిలితే కూర పైభాగం ఎండి తెల్లటి మచ్చలు పడతాయి. దాంతో ప్రమాదమేమీ లేదు గానీ ఆ చోట గడ్డి నమిలినట్టుంటుంది. డబ్బాయే వాడతానంటే పైన రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉంచండి, నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. గాజు సీసాలు పగిలేది దీనివల్లే. కర్రీ పాయింటు వాళ్ళిచ్చే పల్చటి ప్లాస్టిక్ డబ్బాలు చలికి పెళుసెక్కి మూత దగ్గర చిట్లుతాయి, వాటిని నమ్ముకోకండి.

పలకల్ని మొదట విడివిడిగా, ఫ్రీజర్ గోడకో అడుగుకో తగిలేలా పరవండి. గట్టిపడ్డాకే పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. నాలుగైదు మెత్తటి కవర్లు ఒకదాని మీద ఒకటి వేస్తే మళ్ళీ లీటరు డబ్బా కథే. ప్రతి కవరు మీదా మార్కర్‌తో తేదీ రాయండి. గడ్డకట్టాక ఖీమా ఏదో, రాజ్మా ఏదో, సాంబారు ఏదో అన్నీ ఒకే రంగు రాయిలా ఉంటాయి.

సింగిల్ డోర్ ఫ్రిజ్ వాళ్ళకి ఒక మాట. పైన ఉండే చిన్న ఐసు గూడు చాలా వాటిల్లో మైనస్ 18కి పోదు. ఆ గూడు తలుపు మీద మంచు పువ్వు గుర్తులుంటాయి చూడండి. ఒకటుంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18. కరెంటు ఆదాకి వేసే నక్షత్రాల స్టిక్కరు వేరు, దాన్ని చూసి మోసపోకండి. ఒకటి రెండు గుర్తుల గూడైతే వారం పది రోజుల్లో తినేయండి. మూడు గుర్తులదైతే రెండు మూడు నెలలు రుచి నిలబడుతుంది. ఆ తర్వాత కూర చెడిపోయిందని కాదు, కొవ్వు గాలికి మారి పాత నూనె వాసన కొడుతుంది.

కూరలో ఏం వేశామన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. గోంగూర, మెంతికూర, బఠాణీలు చక్కగా నిలుస్తాయి. ఆలుగడ్డ నీరొదిలి ఇసుకలా తయారవుతుంది. పెరుగు, కొబ్బరిపాలు విరుగుతాయి, ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరైపోతుంది. కొత్తిమీర, నిమ్మరసం, చివర్లో వేసే గరం మసాలా తినే రోజుకి అట్టే పెట్టుకోవడం మంచిది.

ఇక తీయడం. పొద్దున ఆఫీసుకి వెళ్తూ రాయిలాంటి డబ్బాని గట్టు మీద పెట్టి, సాయంత్రానికి కరుగుతుందిలే అనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నడుమ ఇంకా ఐసు ఉండగానే అంచులు గది వేడికి వచ్చి గంటలైపోయి ఉంటుంది. వేడినీళ్ళలో ముంచినా అంతే. ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో, కింద ఒక పళ్ళెం పెట్టి ఉంచితే పలక పొద్దుటికి కరిగిపోతుంది, లీటరు డబ్బాకి మాత్రం దాదాపు పూర్తి రోజు కావాలి. తొందరుంటే కవరు కారడం లేదని చూసుకుని చన్నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చండి, కరగగానే వేడి చేసేయండి. మైక్రోవేవ్‌లో కరిగించినా వెంటనే వేడి చేయాల్సిందే, ఎందుకంటే కొన్ని చోట్ల అప్పటికే ఉడుకు పట్టి ఉంటుంది.

పలకలకైతే ఇవేవీ అక్కర్లేదు. మూకుట్లో పావు కప్పు నీళ్ళు పోసి, కవరు మీద చన్నీళ్ళు పడనిచ్చి ఊడదీసి, గడ్డని గడ్డలాగే వేసి మూత పెట్టండి. సన్నటి మంట మీద నాలుగు నిమిషాలయ్యాక తిరగేసి, గరిటె అంచుతో విరగ్గొట్టండి. తెల్లటి పెచ్చులు కనిపిస్తే కంగారు పడకండి, అది పేరుకున్న మాంసం కొవ్వు, కరిగిపోతుంది. అంచుల్లో బుడగలొస్తే అయిపోయినట్టు కాదు. నడిమధ్య కూడా కుతకుతలాడి, ఆ తర్వాత రెండు నిమిషాలు ఉడకాలి. థర్మామీటరు ఉన్నవాళ్ళు మధ్యలో 74 డిగ్రీలు చూసుకోండి.

రోజూ పొద్దున, సాయంత్రం మరిగించి దింపుతూ కూరని రెండ్రోజులు బయటే ఉంచడం పాత పద్ధతి. మరిగిస్తే అప్పటిదాకా పెరిగిన క్రిములు చస్తాయి గానీ స్పోర్లు మిగులుతాయి. పైగా చేతుల నుంచి చేరే స్టెఫిలోకాకస్ వదిలే విషం మరిగినా పోదు. వాసన చూసి, నాలుక్కి రాసుకుని తేల్చుకోవడం కూడా కుదరదు, ఇవి ఉన్న కూర కమ్మగానే ఉండొచ్చు.

ఫ్రిజ్‌లోనే కరిగించి ఇంకా వేడి చేయని కూరని మళ్ళీ గడ్డకట్టించినా ప్రమాదం లేదు, రుచే కాస్త తగ్గుతుంది. గట్టు మీద కరిగినదాన్ని మాత్రం మళ్ళీ పెట్టకండి. ఫ్రీజర్‌లోని పచ్చి ఖీమాని ఫ్రిజ్‌లో కరిగించి వండాక ఆ కూరని దాచుకోవచ్చు, అందులో తప్పేం లేదు.

కరెంటు పోతే తలుపు తీయకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగమే ఉన్నది 24 గంటలు చలి నిలుపుకుంటుంది. ఇది విడిగా తలుపున్న ఫ్రీజర్ మాట, సింగిల్ డోర్ గూటికి అంత ఓపిక లేదు. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి. వచ్చేసరికి బిళ్ళ అడుగున ఉందంటే మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట, ఎన్ని గంటలు అలా ఉందో తెలుసుకునే దారి లేదు కాబట్టి ఖీమా పారేయండి.