శ్రీలంక పక్షుల డైరీ: సింహరాజ నుంచి బుందల దాకా

పక్షులు చూసే అలవాటున్నవాళ్లు సెలవులకు ఎక్కడికి వెళ్తే బాగుంటుందని అడిగితే నేనిప్పుడు తడుముకోకుండా శ్రీలంక అంటున్నాను. బీచ్‌లు, టీ తోటలు, ఏనుగుల గురించి అందరూ చెబుతారు. నా కారణం వేరే. ఉష్ణమండలంలో, నడిమధ్యన కొండలున్న చిన్న ద్వీపం అది. ఒక్క పూట కారులో కూర్చుంటే చెమటలు కక్కించే వానల అడవి నుంచి స్వెటర్ వేసుకోవాల్సిన కొండ మీదికి చేరిపోతాం. ఇంకో పూట ప్రయాణిస్తే ముళ్లపొదలు, ఉప్పుమడులు వస్తాయి. దిగిన ప్రతిచోటా పిట్టలు మారిపోతాయి. వాటిలో 30కి పైగా జాతులు ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించవు.

హైదరాబాద్‌లో అమీన్‌పూర్ చెరువు గట్టు మీద పక్షులు నేర్చుకున్నదాన్ని నేను. చెరువు పక్షులు తెలిసినంతగా అడవి పక్షులు తెలియవు. దట్టమైన అడవిలో కంటికంటే ముందు చెవి పనిచేయాలి. అందుకే ఈ సీజన్‌కు పెట్టుకున్న పని ఒక్కటే, గొంతు విని పిట్టను గుర్తుపట్టడం. అది ఎంతవరకు వచ్చిందో, దారిలో ఏవి పనికొచ్చాయో కింద రాస్తున్నాను.

డిసెంబరు: బయలుదేరే ముందు

శ్రీలంకకు రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వచ్చి పడమటి, దక్షిణ వైపులను, కొండలను తడుపుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం ఉత్తర, తూర్పు వైపులకు వాన ఇస్తుంది. ఒక పక్క ముసురు పట్టి ఉంటే రెండో పక్క పొడిగా ఉంటుంది కాబట్టి, ఏ నెలలో సెలవు దొరికినా వెళ్లడానికి ఏదో ఒక చోటు ఉంటుంది. పిల్లల పరీక్షలు, ఆఫీసు సెలవులు చూసుకుని కదిలే మనలాంటివాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. పక్షుల కోసమైతే జనవరి నుంచి మార్చి మంచి కాలం. నైరుతి అడవుల్లో వానలు తగ్గుతాయి, ఉత్తరం నుంచి వలస వచ్చినవి ఇంకా అక్కడే ఉంటాయి. భూమధ్యరేఖకు దగ్గర కావడంతో చలికాలంలోనూ పగలు పన్నెండు గంటలకు కాస్తే తగ్గుతుంది. పొద్దున ఆరున్నరకల్లా బైనాక్యులర్లకు సరిపడా వెలుతురు వచ్చేస్తుంది.

చెవికి సాధన ఇంట్లోనే మొదలుపెట్టాను. జెనో-కాంటో సైట్‌లో పక్షుల రికార్డింగులు ఉచితంగా దొరుకుతాయి. కూరగాయలు తరిగేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు అవే పెట్టుకున్నాను. అన్నీ ఒకేసారి నేర్చుకోవాలని కూర్చుంటే బుర్ర వేడెక్కుతుంది. అక్కడి అడవిలో రకరకాల పిట్టలు ఒకే గుంపుగా కలిసి తిరుగుతాయి. నేను ముందు ఆ గుంపును నడిపించే పిట్టల గొంతులు మాత్రమే పట్టుకున్నాను: ఆరెంజ్-బిల్డ్ బాబ్లర్, శ్రీలంక డ్రాంగో. తర్వాత అడవిలో రోజంతా వినబడే ఎల్లో-ఫ్రంటెడ్ బార్బెట్, చెట్ల పైకొమ్మల్లో తిరిగే హ్యాంగింగ్ ప్యారట్, కనిపించడం కంటే వినిపించడమే ఎక్కువైన స్పర్‌ఫౌల్. ఈ కొద్దిపాటి గొంతులు గట్టిగా వస్తే, తెలియని గొంతు వినబడగానే తెలియనిదని తెలుస్తుంది. అడవిలో సగం పని అదే. గొంతు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ వాడేవాళ్లు ఆ ప్రాంతం ప్యాక్ ఇక్కడే డౌన్‌లోడ్ చేసుకోండి, అడవి దగ్గర సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

సామాను సంగతి. 8x42 బైనాక్యులర్లు (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు, అడవి చీకట్లో పది రెట్లవాటి కంటే ఇవే నయం. వాటర్‌ప్రూఫ్ అయి ఉండాలి. కెమెరా బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు వేయాలి. ఏసీ గదిలోంచి బయటికి రాగానే బ్యాగు తెరిస్తే అద్దాల మీద ఆవిరి పట్టేస్తుంది, అరగంట మూసే ఉంచండి. రెయిన్‌కోట్ వేసుకుంటే లోపల చెమటకు తడిసిపోతాం కాబట్టి గొడుగే మేలు. జలగలు పట్టకుండా వేసుకునే మేజోళ్లు అక్కడే దొరుకుతాయి. చదరపు పిన్నులు మూడుండే ప్లగ్గుకు అడాప్టర్ ఒకటి పెట్టుకోవాలి. ఈటీఏ (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) కోసం అధికారిక సైట్‌లోనే దరఖాస్తు చేయండి, ఫీజు నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి చూసుకోండి. చెన్నై నుంచి కొలంబోకు విమానం గంటన్నర లోపే, గడియారం మార్చుకునే పని కూడా లేదు.

జనవరి: సింహరాజ

సింహరాజ నైరుతి వైపున్న వానల అడవి. రత్నపుర, కలవాన మీదుగా దాని కుడావ గేటుకు చేరుకున్నాం. టికెట్‌తో పాటు గైడ్‌ను తీసుకోవడం ఇక్కడ తప్పనిసరి. ఆ గైడే మన యాత్రకు ప్రాణం. టికెట్ కౌంటర్ దగ్గరే "పక్షుల కోసం వచ్చాం, జలపాతం వద్దు" అని స్పష్టంగా చెప్పండి. మాకు వచ్చిన కుర్రాడు నన్ను అక్కా అని పిలుస్తూ, అడుగు తీసి అడుగు వేసేలోపు పది చోట్ల చెవి పెట్టేవాడు.

సింహరాజలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేది సుమారు 800. 1970ల్లో ప్లైవుడ్ కోసం ఇక్కడ చెట్లు నరికారు. జనం గట్టిగా వ్యతిరేకించాక 1977లో ఆపేశారు. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అప్పుడు కలప లారీల కోసం వేసిన బాటే ఇప్పుడు పక్షులు చూసేవాళ్లు నడిచే దారి. వెడల్పుగా, పెద్ద ఎక్కుడు లేకుండా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నెమ్మదిగా నడవగలరు.

మొదటి గంటంతా చీమ చిటుక్కుమనలేదు. బార్బెట్ ఒక్కటే ఎక్కడో అరుస్తోంది. గైడ్ ఒక మలుపు దగ్గర ఆపి, ఇక నడవొద్దని సైగ చేశాడు. కాసేపటికి ఎడమ పక్క లోయలోంచి కీచుకీచుమని బాబ్లర్ల గోల. వంటింట్లో విన్న గొంతే! గైడ్ చెప్పకముందే "ఆరెంజ్-బిల్డ్" అన్నాను. రెండు నిమిషాల్లో మా చుట్టూ ఉన్న కొమ్మలన్నీ కదలడం మొదలైంది. కింద పొదల్లో యాషీ-హెడెడ్ లాఫింగ్‌త్రష్‌లు ఆకులు తిరగేస్తున్నాయి, నడిమి కొమ్మల్లో బాబ్లర్లు, వాటి మీద డ్రాంగోలు, అన్నిటికంటే పైన ఎర్రటి ముఖంతో మాల్కోహా. కిందనుంచి పైదాకా ఒక్కో అంతస్తులో ఒక్కో జాతి, అన్నీ ఒకే దిక్కుకు సాగిపోతున్నాయి. పావుగంటలో దాటేశాయి. మళ్లీ నిశ్శబ్దం.

ఈ మిశ్రమ గుంపులను శరత్ కోటగమ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. ఒక గుంపులో సగటున 40 దాకా పక్షులు, పదికి పైగా జాతులు ఉంటాయి. ఎబెన్ గూడేల్‌తో కలిసి 2006లో ఆయన ప్రచురించిన విషయం నాకు మరీ ఇష్టం. డ్రాంగో ఇతర పక్షుల గొంతులను అనుకరిస్తుందని మనకు తెలుసు. అయితే ప్రమాదం వచ్చినప్పుడు అది వాటి ప్రమాద కూతలనే ఎంచుకుని అరుస్తుంది. మన పొలాల్లో గేదెల మీద కూర్చునే ఏట్రింతకు ఇది దగ్గరి చుట్టం. అందుకే కొత్తగా వెళ్లేవాళ్లకు నేను చెప్పేది: పిట్టల వెంట పరుగెత్తకండి. బాబ్లర్ గొంతు, డ్రాంగో గొంతు నేర్చుకుని, ఒక మలుపు దగ్గర నిలబడండి. గుంపు ఎటు వస్తోందో అవే చెబుతాయి. ఫోన్‌లో కూత వినిపించి పిలవడం మాత్రం చేయొద్దు. రోజూ ఎంతోమంది నడిచే దారి అది, అందరూ అలా చేస్తే ఆ పిట్టకు తిండి తినే తీరికుండదు.

బ్లూ మ్యాగ్‌పై కోసం అడవి లోపలికి వెళ్లే పనిలేదు. గేటుకు దగ్గర్లో, ఇళ్ల పక్క చెట్ల మీదికే వచ్చింది. ఫొటోల్లో చూసినప్పుడు ఒళ్లంతా నీలమే అనుకుంటాం. దగ్గర నుంచి చూస్తే తల, రెక్కలు ముదురు ఇటుక రంగు, ముక్కు, కాళ్లు, కంటి చుట్టూ ఉన్న వలయం ఎర్రగా పగడం లాగా. పొడవాటి నీలం తోక చివర ఒక్కో ఈకకూ తెల్ల అంచు.

జలగలు ఉంటాయి, భయపడక్కర్లేదు. మేజోళ్ల మీద సబ్బు బాగా రుద్ది, గంటకోసారి చూసుకుంటే చాలు.

రాత్రి సెరెండిబ్ స్కాప్స్ గుడ్లగూబ కోసం ప్రయత్నించాం. దీని గొంతును దీపాల్ వరకగొడ 1995లో మొదట విన్నారు, పక్షి కంటబడటానికి 2001 దాకా పట్టింది, 2004లో శాస్త్రీయంగా పేరు పెట్టారు. 1868 తర్వాత శ్రీలంకలో కనుగొన్న మొదటి కొత్త పక్షి ఇదే. ఒక్క స్వరం, మెత్తగా, ఆగి ఆగి వినిపించింది. కనిపించలేదు. లాగ్‌లో "విన్నాను" అనే రాసుకున్నాను.

నువర ఎలియ, హార్టన్ ప్లెయిన్స్

మా వదిన నాతో వచ్చింది. ఆవిడకు పక్షుల మీద పెద్ద ఆసక్తి లేదు. ఇలాంటివాళ్లతో కలిసి వెళ్లేవాళ్లకు ఈ భాగం పనికొస్తుంది. కొండల మీది ఊరు నువర ఎలియ నుంచి కాస్త దూరం వెళ్తే సీత ఎలియలో సీతమ్మ గుడి ఉంది. ఆ దారిలోనే ఇంకొంచెం ముందుకు వెళ్తే హక్‌గల బొటానికల్ గార్డెన్. వదిన గుడి దగ్గర వాగు ఒడ్డున కూర్చుంది, నేను తోటలో ఎల్లో-ఇయర్డ్ బుల్‌బుల్ పట్టుకున్నాను. మన పికిలి పిట్టకు అక్క వరస. చెవి పక్కన పసుపు కుచ్చు. దీనికి చల్లటి కొండలే కావాలి, కింద సింహరాజ బాట మీద నాకు ఒక్కటీ కనిపించలేదు.

ఊరి మధ్యలో విక్టోరియా పార్కు ఉంది. సాయంత్రం నాలుగు దాటాక అక్కడి కాలువ పక్కన నిలబడండి. చూడ్డానికి మురికిగా ఉంటుంది కానీ, చలికాలం గడపడానికి వచ్చిన పైడ్ త్రష్, పొన్నంగి పిట్ట అక్కడే దిగుతాయి. కశ్మీర్ ఫ్లైక్యాచర్ అదే పార్కులో చెట్ల మధ్య తిరుగుతూ కనిపించింది. కశ్మీర్‌లో గూడు కట్టే గుప్పెడు పిట్ట మన దేశం పొడవునా ఎగిరి వచ్చి ఈ కొండ మీద ఆగుతుంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియలేదు. "నువ్వా కొమ్మకే అంటుకుపోయావు, ఇక్కడ టీ చల్లారిపోతోంది" అని వదిన కేకేసింది.

హార్టన్ ప్లెయిన్స్ కొండల మీది జాతీయ పార్కు, 2,100 మీటర్లకు పైన. జనవరి తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి, గ్లవ్స్ ఉండాలి. ఆరింటికి గేటు తెరిచే వేళకే అక్కడుంటే మంచిది, పొద్దెక్కితే మబ్బు కమ్మేస్తుంది. పాలిథిన్ కవర్లు గేటు దగ్గర తీసేస్తారు, టిఫిన్ డబ్బాలో సర్దుకోండి. ఆరెంగ పూల్ దగ్గర చీకటి విడీ విడకముందే శ్రీలంక విజిలింగ్ త్రష్ కూసింది. సన్నని, పొడవైన ఈల. ముదురు నీలి మచ్చ ఒకటి రాళ్ల మీద గెంతి పొదలోకి జారుకుంది. 1868 అని పైన రాశానే, ఆ ఏడు దొరికిన పక్షి ఇదే.

బుందల

కొండ దిగి దక్షిణానికి వస్తే ఎండ, తుమ్మ, ఉప్పుమడులు. బుందల ఇక్కడి జాతీయ పార్కు. 1990లో శ్రీలంకలో తొలి రామ్‌సార్ స్థలంగా (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా) గుర్తింపు పొందింది ఇదే. చిరుతల కోసం జీపులన్నీ యాల పార్కుకు పోతాయి, బుందల ప్రశాంతంగా ఉంటుంది. ఇక్కడి పక్షులు చాలావరకు పులికాట్‌లో చూసినవే, లిటిల్ స్టింట్, కర్ల్యూ శాండ్‌పైపర్, గూడబాతులు. అయినా కొత్తగా అనిపించింది. సైబీరియా ఉత్తర అంచున పుట్టిన ఉల్లంకి పిట్ట ఆసియా అంతా దాటి వచ్చి ఈ ఒడ్డున నిలబడితే, దాని ముందు అంటార్కిటికా దాకా నీళ్లే.

తిండి, డబ్బు

మనకు తిండి ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, పనసకాయ కూర, సరస్వతి ఆకు పచ్చడి, పొద్దున ఇడియాప్పం. శాకాహారులు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కొబ్బరి సంబోల్‌లో ఎండుచేప పొడి కలుపుతారు, ముందే వద్దని చెప్పాలి. మట్టికుండలో గేదె పెరుగు, దాని మీద జీలుగు పాకం పోసి ఇస్తారు. వెలగపండు జ్యూస్ మా వదిన రోజూ తాగింది.

మన రూపాయికి అక్కడి రూపాయలు మూడు పైనే వస్తాయి. జాతీయ పార్కుల్లో సార్క్ దేశాలవారికి టికెట్ ధర తక్కువ, పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. కారు మాట్లాడేటప్పుడు పెట్రోలు, డ్రైవర్ బస, తిండి కలిపా విడిగానా అని రాతపూర్వకంగా తేల్చుకోండి. కొండ రైలు సీట్లు త్వరగా అయిపోతాయి, రిజర్వేషన్ తెరవగానే చేయించండి.

మిగిలినవి

బాబ్లర్, డ్రాంగో, బార్బెట్, హ్యాంగింగ్ ప్యారట్ గొంతులు ఇప్పుడు తడబడకుండా చెప్పగలను. స్పర్‌ఫౌల్ జంట పాట గుర్తుపడతాను, పక్షిని ఇంకా చూడలేదు. గ్రీన్-బిల్డ్ కూకల్‌కూ మన జెముడుకాకికీ గొంతు తేడా పట్టుకోవాలి. ఈ వేసవంతా ఆ రెండు రికార్డింగులే వింటాను. గుడ్లగూబ కోసం వచ్చేసారి కుడావలో ఇంకొన్ని రాత్రులు ఉండాలి, ఆ తర్వాత రాజహంసల కోసం మన్నార్ వైపు వెళ్లాలి. సింహరాజ అడవిలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాన ఎలా ఉంటుందో వెళ్లొచ్చినవాళ్లు చెబితే తేదీలు ఖాయం చేసుకుంటాను.