ఉత్తరానికి పారే నది

అమెరికాలోని మా ఊరు ఫార్గోలో మంచు కరగడం మొదలైంది. మన దగ్గర వరదంటే వానాకాలం. ఇక్కడ ఏప్రిల్ ఎండకే టెన్షన్! రెడ్ రివర్ ఉత్తరాన కెనడా వైపు పారుతుంది. ఎగువన ముందే కరుగుతుంది, దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. దారి లేని నీళ్లు పొలాల మీద పడతాయి. నేలలోకైనా ఇంకుతాయా అంటే అదీ లేదు. నిన్న ఒక చేను పక్కన బూటు మడమతో తన్ని చూశాను. పైన వేలెడు బురద, కింద ఇంకా గడ్డకట్టి సిమెంటులా ఉన్న నేల.

ఈ నీళ్లను పట్టి ఉంచే చిత్తడి కుంటలు ఒకప్పుడు ఎన్నో ఉండేవి. సాగు కోసం కాలువలు తవ్వి చాలావాటిని ఎండగట్టేశారు. అదే నాకు ఎక్కువ బాధ. 1997లో ఇదే నది ఒడ్డునున్న గ్రాండ్ ఫోర్క్స్‌లో నీటిమట్టం 54 అడుగులు దాటి ఊరు మునిగింది. కరకట్టలు కావాలి, కాదనను, కానీ మిగిలిన కుంటలనైనా కాపాడాలి.

ఈ వారం రాత్రిళ్లు మళ్లీ మైనస్‌లోకి వెళితే మంచు నెమ్మదిగా కరుగుతుంది. అందరం అదే కోరుకుంటున్నాం.