జెనిస్టీన్: ఎంత వేస్తే ఏం చేస్తుంది?

జెనిస్టీన్‌తో ప్రయోగం పెట్టినప్పుడల్లా కణాలు పెంచే ప్లేట్‌లో ఒక వరస పోలిక కోసం డైడ్జీన్‌కి ఉంచుతాను. రెండూ సోయా గింజల్లో ఉండే ఐసోఫ్లేవోన్లే, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని కొంత పోలిన మొక్కల పదార్థాలే. నిర్మాణంలో తేడా ఒక్క హైడ్రాక్సిల్ (OH) గుంపు. అది లేనందుకే డైడ్జీన్ టైరోసిన్ కైనేజ్‌లనే ఎంజైముల జోలికి దాదాపుగా పోదు.

ఈ కైనేజ్‌లు ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తే, పెరగమని, విభజన చెందమని కణానికి కబురు అందుతుంది. కైనేజ్‌లో ఆ ఫాస్ఫేట్‌ని ఇచ్చే ఏటీపీ కూర్చోవలసిన చోట జెనిస్టీన్ కూర్చుని ఆ కబురు ఆపేస్తుందని 1987లో జపాన్ పరిశోధకులు చూపించారు. అప్పటినుంచి కణ సంకేతాల మీద పనిచేసే ల్యాబుల్లో ఇది మామూలు పనిముట్టయింది. కానీ ఇది కణంలో ఈస్ట్రోజెన్‌ని అందుకునే రిసెప్టర్లకూ అతుక్కుంటుంది, ముఖ్యంగా బీటా రకానికి. అందుకే కణాలు పెరగడం ఆగితే అది కైనేజ్ వల్లే అనడానికి లేదు. డైడ్జీన్ వరసలోనూ అలాగే ఆగాయంటే కారణం వేరేచోట వెతకాలి. ఈ వరస లేని పేపర్ చదివితే నాకు నమ్మకం కుదరదు.

మా పెద్దమ్మకి వాట్సాప్‌లో ఒకసారి సోయా తింటే రొమ్ము క్యాన్సర్ రాదని, ఇంకోసారి వస్తుందని మెసేజ్‌లు వచ్చాయి. పాపం, టెన్షన్ పడి ఫోన్ చేసింది. ఆ రెండు మాటలకూ ల్యాబులో ఆధారం దొరుకుతుంది. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలకు ఈస్ట్రోజెన్ లేని మీడియంలో (కణాలు పెంచే ద్రవంలో) 1 మైక్రోమోలార్ (గాఢత కొలత) జెనిస్టీన్ ఇస్తే అవి పెరుగుతాయి. 10 బాగా దాటిస్తే ఆగిపోతాయి. మోతాదు చెప్పకుండా ఇందులో ఏ ఒక్కటి చెప్పినా జనాన్ని తప్పుదారి పట్టించినట్టే.

కైనేజ్‌ని ఆపడానికి ల్యాబుల్లో తరచూ వాడేది 50, 100 మైక్రోమోలార్. సోయా తిన్నవాళ్ల రక్తంలో జెనిస్టీన్ కొద్ది మైక్రోమోలార్లు దాటడం అరుదు. అందులోనూ చాలా భాగాన్ని పేగులు, కాలేయం అప్పటికే గ్లూకురోనైడ్‌గా, అంటే పెద్దగా పనిచేయని రూపంలోకి, మార్చేసి ఉంటాయి.

అలాగని ఐసోఫ్లేవోన్ల ప్రభావాన్ని తేలిగ్గా తీసుకోలేం. 1940ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలు పెద్ద ఎత్తున చూలు కట్టకుండా పోయాయి. అక్కడ అసలు కారణం ఫార్మోనోనెటిన్ అనే ఇంకో ఐసోఫ్లేవోన్. గొర్రె కడుపులో అది ఈస్ట్రోజెన్‌లా పనిచేసే ఈక్వాల్‌గా మారుతుంది. వాటికి మేతంతా ఆ గడ్డే, కాబట్టి మోతాదూ ఎక్కువే.

సోయా ఆహారంగా తినే ఆసియా మహిళల్లో జరిగిన అధ్యయనాల్లో రొమ్ము క్యాన్సర్ పెరిగినట్టు కనిపించలేదు. అందుకే పెద్దమ్మని మీల్ మేకర్ కూర మానొద్దన్నాను. ఐసోఫ్లేవోన్ మాత్రలు మాత్రం డాక్టర్‌ని అడగకుండా కొనొద్దన్నాను. తను పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. సోయా వల్ల ఆ మందు ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చు కాబట్టి, మీల్ మేకర్ మధ్యాహ్నం భోజనంలోకి పెట్టుకోమన్నాను.